క్రోమియం ఉక్కుకు బోరైడ్ పొర: మందం ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకుల వారికి,

పంచ్‌లు, డైలు (లోహపు రేకులను కోసి, ఆకృతినిచ్చే పనిముట్లు) వాడే చిన్న పరిశ్రమల వారు బోరైడింగ్‌కు (ఉక్కు ఉపరితలంలోకి బోరాన్‌ను ఎక్కించి గట్టి బోరైడ్ పొర ఏర్పరిచే ప్రక్రియకు) ఇచ్చే ఆర్డర్లలో తరచుగా రెండే షరతులు కనిపిస్తాయి: పొర ఇన్ని మైక్రాన్లు ఉండాలి, కాఠిన్యం ఇంత రావాలి. సాదా కార్బన్ ఉక్కుకు ఇవి కొంతవరకు సరిపోవచ్చు గానీ, దాదాపు 12 శాతం క్రోమియం ఉండే డీ2 వంటి డై ఉక్కుకు కూడా వీటినే పెడితే పనిముట్టుకు చేటు తప్పదని ఈ రంగంలో పనిచేసేవాడిగా చెప్పదలచాను.

బోరాన్ కార్బైడ్, పొటాషియం ఫ్లోరోబోరేట్, సిలికాన్ కార్బైడ్ కలిపిన పొడిలో ఉక్కును పూడ్చి, 850 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఉంచితే బోరాన్ పరమాణువులు లోపలికి చొచ్చుకుపోతాయి. రెండు ఇనుప పరమాణువులకు ఒక బోరాన్ చొప్పున ఉండే బోరైడ్ ముందుగా ఏర్పడి, సాదా ఉక్కులోనైతే రంపపు పళ్లలా లోపలికి దిగుతుంది. పొర లోహాన్ని పట్టుకుని ఉండడానికి ఈ పళ్లు ఎంతో తోడ్పడతాయి. ఉపరితలం వద్ద బోరాన్ మరీ ఎక్కువైతే, ఇనుము, బోరాన్ సమానంగా ఉండే రెండో బోరైడ్ దానిపైన పుడుతుంది.

క్రోమియం ఎక్కువైన కొద్దీ ఈ తీరు మారిపోతుంది. అది ఆ పళ్ల మొనల వద్ద చేరి బోరాన్ రాకను తగ్గిస్తుంది కనుక మొనలు మొద్దుబారి, పొరకూ లోహానికీ మధ్య హద్దు దాదాపు చదునుగా తయారవుతుంది. పొర పలుచబడుతుంది, క్రోమియం బోరైడ్‌లు కూడా చేరతాయి, పైనుండే రెండో బోరైడ్ వాటా పెరుగుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆ రెండో బోరైడ్ ఉష్ణ వ్యాకోచం మొదటిదానికంటే చాలా ఎక్కువ కావడంతో, చల్లారేటప్పుడు పై పొర సాగదీతకూ కింది పొర నొక్కుడుకూ లోనై, రెంటి మధ్య హద్దు వెంబడి పగుళ్లు వస్తాయి. కాఠిన్యం కొలిస్తే 1,800 వికర్స్ (కాఠిన్యపు కొలమానం) దాటి ఎంతో బాగున్నట్టే కనిపించే పొర, డై దెబ్బ తినగానే పెచ్చులుగా రాలిపోతుంది.

మందం కోసం గంటలు పెంచడమూ సరైన దారి కాదు. పొర పెరుగుదల కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి మందం రెట్టింపు కావాలంటే సుమారు నాలుగు రెట్ల సమయం పడుతుంది, ఈలోగా పెళుసైన పై పొర కూడా పెరుగుతుంది. డీ2 విషయంలో పలుచనైనా వీలైనంతవరకు మొదటి బోరైడ్ ఒక్కటే ఉండే పొరే మేలని నా గట్టి అభిప్రాయం. అందుకు బోరాన్ పాలు తగ్గించిన పొడి వాడాలి, లేదా రెండో బోరైడ్ తగ్గేలా బోరైడింగ్ తర్వాత జడ వాయువులో మళ్లీ కొంతసేపు వేడి చేయాలి. పొర కింది ఉక్కు మెత్తగా మిగలకుండా తిరిగి గట్టిపరచడమూ అంతే అవసరం. అయితే ఇనుము, దాని బోరైడ్ కలిసి దాదాపు 1,150 డిగ్రీల వద్దే కరగడం మొదలవుతుంది గనుక వేడి ఆ దరిదాపులకు పోకూడదు.

కాబట్టి ఆర్డర్ ఇచ్చేవారు డైతోపాటు అదే ఉక్కు ముక్కనొకదాన్ని బోరైడింగ్ పొడి నింపే పెట్టెలో పెట్టించి, దాన్ని అడ్డంగా కోసి పాలిష్ చేసి తీసిన సూక్ష్మదర్శిని ఫొటోను కాఠిన్య నివేదికతోపాటు అడగాలని, పాలిటెక్నిక్ ప్రయోగశాలలు ఈ పరీక్షను విద్యార్థుల చేత చేయించాలని మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక హీట్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్,
బాలానగర్, హైదరాబాద్