ఉపగ్రహ చిత్రం కింద ఆ రెండు ముక్కలూ రాయండి

సంపాదకుడు గారికి, నమస్కారం.

తుఫాను ముంచుకొచ్చినా, పొగమంచు ముసిరినా పత్రికలన్నీ ఉపగ్రహ చిత్రాన్ని మొదటి పేజీలో వేస్తాయి. అది ఏ కిరణాలతో తీసిందో మాత్రం చెప్పవు. మీ పత్రికా అంతే. దీన్ని చిన్న లోపమని నేను అనుకోను.

మన కంటికి కనిపించే వెలుగులో మబ్బూ తెలుపే, నేల మీది మంచూ తెలుపే. తాజా మంచు తన మీద పడిన ఎండలో నూటికి 80 పాళ్లకు పైగా తిప్పికొడుతుంది మరి. కొండల మీద ఏది మబ్బో, ఏది మంచో ఆ చిత్రంలో తేల్చడం కష్టం. అదే చోటును కంటికి కనిపించని పరారుణ కిరణాల్లో, 1.6 మైక్రాన్ల అలపొడవు దగ్గర (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చూస్తే చిక్కు విడిపోతుంది. ఆ కిరణాలను మంచు పీల్చేసుకుంటుంది. పైగా పేరుకున్న మంచులో పలుకులు పెద్దవి, కాంతి వాటి లోపల చాలా దూరం పోయి ఇంకిపోతుంది. మబ్బులోని నీటి బిందువులు అతి చిన్నవి కాబట్టి ఎండను వెనక్కి చిమ్ముతాయి. అందుకే మంచు నల్లగా, నీటిమబ్బు తెల్లగా పడతాయి. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం పంపే ఇలాంటి చిత్రాలకు రంగులు అద్దినప్పుడు మంచు ఒక కూర్పులో ఎర్రగా, ఇంకో కూర్పులో నీలిపచ్చగా కనిపిస్తుంది. ఆ ఎరుపును చూసి మంటలనుకుంటే తప్పు పాఠకుడిది కాదు.

10 నుంచి 12 మైక్రాన్ల పరారుణ చిత్రం సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఎండతో పనే లేదు. నేలా, మబ్బూ తమ వేడి కొద్దీ వెలువరించే కిరణాలే చిత్రమవుతాయి, అర్ధరాత్రి కూడా. చల్లగా ఉన్నది తెల్లగా కనిపించేలా వేయడం ఆనవాయితీ. దాంతో ఒక్క చినుకూ రాల్చని ఎత్తైన మబ్బు పొర కూడా ఉరుముల మేఘంలా భయపెడుతుంది. నేలను అంటుకున్న పొగమంచు నేలంత వేడిగానే ఉండటం వల్ల దాదాపు కనిపించదు. నా ఆందోళనంతా దీని గురించే. ఆ చిత్రం చూసి దారి తేటగా ఉందనుకుని తెల్లవారుజామున బండి తీసేవాళ్లుంటారు. రాత్రిపూట పొగమంచును పట్టుకోవడానికి 3.9 మైక్రాన్ల చిత్రాన్ని కూడా దీనితో పోల్చి చూస్తారు. ఆ పోలిక చిత్రం పత్రికల్లో నాకెప్పుడూ కనబడలేదు.

దయచేసి ప్రతి చిత్రం కింద అది కనిపించే కాంతిదో, పరారుణానిదో, రంగులు నిజమైనవో, అద్దినవో రాయండి. చిత్రం మీది గంటలు చాలాసార్లు అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటాయి, వాటిని స్థానిక సమయంలోకి మార్చండి. పక్కనుండే రంగుల కొలబద్దను చోటు చాలలేదని కత్తిరించకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు