ఇంటిల్లిపాదీ కలిసి చూసిన యుద్ధకళల సినిమాలు: మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో కొందరు తల్లులు ఒక బాధ చెప్పుకున్నారు. సెలవుల్లో పిల్లలు ఫోన్లలో కొట్లాటల ముక్కలే చూస్తున్నారు, ఆ కథ ముందూ వెనకా వాళ్లకు తెలియదు. ఫోను లాక్కుంటే పక్కింటికి వెళ్లి చూస్తారు. కాబట్టి మంచి యుద్ధకళల సినిమాలు ఎంచి, మొదటి నుంచి చివరి దాకా పెద్దలతో కలిసి చూపిద్దామని వేదాయపాళెంలోని మన సంఘం తీర్మానించింది. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే.

సంఘం హాల్లో తెర కట్టాలని మొదట అనుకున్నాం. బహిరంగంగా ప్రదర్శించాలంటే హక్కుదారుల అనుమతి కావాలి కనుక ఆ ఆలోచన మానుకున్నాం. నెలకో సినిమా పేరు చెప్పడం, ఎవరింట్లో వారు చూడడం, రెండో ఆదివారం సాయంత్రం హాల్లో కూర్చుని మాట్లాడుకోవడం అలవాటయింది. నవంబరు వానలకు హాలు ముందు నీళ్లు నిలవడంతో ఆ నెల కలవలేకపోయాం.

ఎంపికకు సెన్సార్ సర్టిఫికెట్ మొదటి మెట్టు. 2024 నిబంధనలతో, పెద్దల తోడుతో పిల్లలు చూడదగిన యూఏ విభాగం 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది, తల్లిదండ్రులకు ఇది మేలు. అయినా కమిటీలో ఇద్దరు ముందుగా చూడనిదే ఏ పేరూ ప్రకటించలేదు. తెరపై ఎన్ని దెబ్బలు పడ్డాయని మేము లెక్కపెట్టలేదు. ఆ దెబ్బ వెనక సాధన కనిపిస్తోందా, చెయ్యి ఎక్కడ ఆగాలో నేర్పుతోందా అన్నదే చూశాం. అందుకే పెద్దలు ఎంతో ముచ్చటపడి అడిగిన 1973 నాటి 'ఎంటర్ ద డ్రాగన్'ను పిల్లల జాబితాలో చేర్చలేదు. దాని విడుదల చూడకుండానే 32 ఏళ్లకు కన్నుమూసిన కథానాయకుడు బ్రూస్ లీ మీద గౌరవం తక్కువై కాదు. అందులోని హత్యలు, విందు దృశ్యాలు పెద్దవారికే తగినవి.

అందరినీ కట్టిపడేసింది 1984 నాటి 'ద కరాటే కిడ్'. కరాటే నేర్పమని వచ్చిన కుర్రవాడి చేత ముసలి గురువు మియాగీ కార్లు తుడిపిస్తాడు, నేల రుద్దిస్తాడు, కంచెకు రంగు వేయిస్తాడు. పని చేయించుకుని మోసం చేశాడని కుర్రవాడు మండిపడతాడు. అప్పుడు గురువు దెబ్బలు విసురుతుంటే, అతని చేతులు వాటంతట అవే అడ్డుకుంటాయి. తుడిచిన తుడుపే కాపుదల అయింది! ఆ వారం మన కాలనీలో ఇంటి ముందు స్కూటర్లు తుడవని పిల్లవాడు లేడు. మియాగీ మద్యం మత్తులో ఏడ్చే ఘట్టాన్ని దాటవేద్దామని ఒకరిద్దరు సూచించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నిర్బంధ శిబిరంలో భార్యనూ పుట్టబోయే బిడ్డనూ పోగొట్టుకున్న మనిషి దుఃఖం అది. పెద్దలు పక్కన కూర్చుని చెబితే పిల్లలకు అర్థమవుతుందని ఉంచాం, అర్థమైంది కూడా.

అదే కథను కొత్తగా చెప్పిన 2010 సినిమాలో పేరు కరాటేదే అయినా, బీజింగులో గురువుగా జాకీ చాన్ నేర్పేది కుంగ్‌ఫూ. పన్నెండేళ్ల బాలుణ్ణి తోటివారు కొట్టే తీరు ఇందులో మరీ కరుకుగా ఉంటుంది, పదేళ్ల లోపువారికి వద్దన్నాం. రెండూ చూసిన ఒక అవ్వ మేమెవరమూ గమనించనిది పట్టుకున్నారు: "ఇద్దరు గురువులూ ఆలుబిడ్డలను పోగొట్టుకున్నవాళ్లే. నేర్పుతూ నేర్పుతూ వాళ్లూ కోలుకున్నారు." ఆ మాట తరువాత హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఒక అపశ్రుతి కూడా చెప్పాలి. 'ద కరాటే కిడ్'లో చూసిన ఒంటికాలి కొంగ భంగిమలో ఎగిరి తన్నబోయి ఒక బాలుడు పిట్టగోడ మీద నుంచి జారాడు, మడమ బెణికి మూడు వారాలు బడికి వెళ్లలేదు. ముందే హెచ్చరించకపోవడం కమిటీ పొరపాటు. తరువాతి ఆదివారం జాకీ చాన్ సంగతులు చెప్పాం: 1986లో వచ్చిన 'ఆర్మర్ ఆఫ్ గాడ్' చిత్రీకరణలో చెట్టు మీద నుంచి పడి ఆయన పుర్రె చిట్లింది, ఆయన సినిమాల చివర చూపే తప్పిన షాట్లలో నిజమైన గాయాలున్నాయి. నవ్వుతూ వచ్చిన పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు.

చిన్నవారికి 'కుంగ్ ఫూ పాండా' (2008) పండగే. పులి, కొంగ, కోతి, పాము, గొల్లభామ పాత్రలు చైనా యుద్ధకళల్లోని శైలులకు ప్రతిరూపాలని చెబితే రెండోసారి చూసి కదలికలు పోల్చుకున్నారు. విలన్ చిరుత తైలుంగ్ చెర తప్పించుకునే ఘట్టానికి మాత్రం ఐదేళ్ల లోపువారు జడుసుకున్నారు.

తెలుగులో 2017 నాటి 'గురు'ను పదమూడు దాటినవారికి సూచించాం. బాక్సింగ్ కోచ్ నోరు దురుసు. కానీ నాయిక రితికా సింగ్ నిజంగానే కిక్ బాక్సింగ్ పోటీల్లో దిగిన క్రీడాకారిణి అని తెలిశాక, మన ఆడపిల్లలు ముగ్గురు నేర్చుకుంటామని ముందుకొచ్చారు. ఈ ఏడాది మొత్తంలో నాకు మిక్కిలి సంతోషం కలిగించిన రోజు అది.

టీ, చాపల ఖర్చుల లెక్క నోటీసు బోర్డులో ఉంది. వచ్చే ఏడాది సినిమాలతో పాటు మన కర్రసామునూ పిల్లలకు చూపాలని కమిటీ ప్రతిపాదన. ఒకప్పుడు పీర్ల పండగకో తిరునాళ్లకో కర్ర తిప్పిన పెద్దలు మన వీధుల్లోనే ఉన్నారు. అలాంటివారు తమ పేరును ఈ నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వవలసిందిగా ప్రార్థన. కర్రలు సంఘమే కొంటుంది.

కార్యదర్శి