జిర్కోనియా క్యాప్‌లు ఊడిపోతున్నది మీ సూచనల కాగితంలోని ఒక్క వాక్యం వల్ల

గౌరవనీయులైన నాణ్యతా విభాగం అధిపతి గారికి,

విషయం: మీ సెల్ఫ్-అడెసివ్ రెసిన్ సిమెంటు (పంటికి క్యాప్‌ను అతికించే పదార్థం) కిట్‌తో వచ్చే వాడకపు సూచనల్లో తప్పు ఉంది, వెంటనే సరిదిద్ది, ఇప్పటికే కొన్న దంతవైద్యులందరికీ తెలియజేయాలని కోరుతూ.

ఆర్యా,

మీ కిట్‌లో మడతపెట్టి ఉంచే కాగితంలో మూడో అంచె ఇలా ఉంది: క్యాప్‌ను నోట్లో పెట్టి సరిచూసుకున్నాక, దాని లోపలి వైపును 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్‌తో 60 సెకన్లు శుభ్రం చేసి, కడిగి, ఆరబెట్టి, సిమెంటు వేయాలి. ఏ రకం క్యాప్‌కి ఈ అంచె వర్తిస్తుందో మాత్రం రాయలేదు. పైన శీర్షిక "సిరామిక్ క్యాప్‌లు, బ్రిడ్జిలు" అని ఉంది. జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) కూడా సిరామిక్కే కాబట్టి వాడేవాళ్లు అక్షరాలా అలాగే చేస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ జిర్కోనియాకి ఈ అంచె మేలు చేయదు సరికదా, సిమెంటు పట్టుని మొదట్లోనే చంపేస్తుంది.

ఊడి వచ్చిన క్యాప్‌లని మీకు పంపుతున్నాం. వాటిని భూతద్దం కింద పెట్టి చూడండి. లోపలి గోడలు ల్యాబ్ నుంచి అప్పుడే వచ్చినట్టు తెల్లగా ఉన్నాయి. పంటి ఫోటోలు కూడా జతచేశాం. సిమెంటు పొర మొత్తం పంటి మీదే, ఉడికిన గుడ్డు మీద మిగిలిన పల్చటి పొరలా, అంచు దాకా చెక్కుచెదరకుండా ఉంది. పంటి వైపు పట్టు తప్పి ఉంటే సిమెంటు క్యాప్ లోపల ఉండిపోవాలి. సిమెంటే సరిగా గట్టిపడకపోతే అటు కొంత, ఇటు కొంత పెచ్చులుగా కనిపించాలి. ఇక్కడ రెండూ లేవు. విడిపోయింది జిర్కోనియాకీ సిమెంటుకీ మధ్య.

మా మొదటి ఉత్తరానికి మీ కస్టమర్ విభాగం ఇచ్చిన జవాబులో "పని చేసేటప్పుడు పంటి మీద తేమ నియంత్రణ సరిగా లేకపోవడం కారణం కావచ్చు" అని ఉంది. పంటి మీద తడి మిగిలితే దెబ్బతినేది పంటి వైపు పట్టు. ఆ పట్టు చక్కగా నిలిచే ఉంది. ఆ జవాబు రాసినవారు ఫోటోలు చూడలేదని అనుకోవాల్సి వస్తోంది.

కారణం మీ రసాయన విభాగానికి కొత్త కాదు. లిథియం డైసిలికేట్ లాంటి గాజు సిరామిక్‌లలో గాజు భాగం ఉంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దాన్ని కొరికి గరుకు చేస్తుంది, సిలేన్ అనే అతుకు ద్రవం అక్కడ పట్టుకుంటుంది. జిర్కోనియాలో గాజు లేదు, కొరకడానికి ఏమీ దొరకదు. అక్కడ రసాయనికంగా పట్టు ఇచ్చేది ఎం.డి.పి. అనే మోనోమర్. దాని ఒక కొసన ఉన్న ఫాస్ఫేట్ జిర్కోనియం ఆక్సైడ్‌తో బంధం కడుతుంది, రెండో కొస రెసిన్‌తో కలిసి గట్టిపడుతుంది. మనం ముందుగానే ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే, అందులోని ఫాస్ఫేట్ వెళ్లి ఆ చోట్లన్నీ ఆక్రమించేస్తుంది. నీటి జల్లుతో ఎంత కడిగినా అది వదలదు. తర్వాత వచ్చే ఎం.డి.పి.కి కూర్చోవడానికి చోటుండదు. క్యాప్‌ను నోట్లో సరిచూసినప్పుడు దానికి అంటుకునే ఉమ్మి చేసేది కూడా ఇదే, అందులోనూ ఫాస్ఫేట్లున్నాయి. అంటే ఉమ్మి మరకను తీయడానికి అదే జాతి మరకను పూయమని మీ కాగితం చెబుతోంది.

ఈ వాక్యం ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించగలం. గాజు సిరామిక్‌ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఎచ్ చేశాక (కొరికించి గరుకు చేశాక) లోపల తెల్లటి అవశేషాలు మిగులుతాయి, వాటిని తీయడానికి ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 60 సెకన్లు రుద్దడం సరైన పద్ధతే. ఆ వరుసని ఎవరో అన్ని సిరామిక్‌లకీ కలిపేశారు. పైగా దంతవైద్యుల చేతికి ఆ జెల్ బాగా అలవాటు. 1955లో దంత పరిశోధకుడు మైకేల్ బ్యూనోకోర్ 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ఎనామిల్ (పంటి పైపొర) మీద 30 సెకన్లు ఉంచి, రెసిన్ ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూపించినప్పటి నుంచీ అతికించడమంటే ముందు ఆ సిరంజీనే అందుకుంటాం. ఆ అలవాటుకి అడ్డుకట్ట వేయాల్సిన కాగితమే దాన్ని ప్రోత్సహిస్తే ఎలా?

జిర్కోనియాకి మీరు రాయాల్సిన క్రమం ఇది. ముందు క్యాప్‌ని నోట్లో పెట్టి పక్క పళ్లతో కాంటాక్ట్ ఫ్లాస్‌తో, అంచు ఎక్స్‌ప్లోరర్ అనే సన్నటి మొన పరికరంతో సరిచూసుకోవాలి. ఆ తర్వాతే, ముందు కాదు, లోపలి వైపు 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శాండ్‌బ్లాస్ట్ చేయాలి. పీడనం 1 నుంచి 2 బార్ల మధ్య, దూరం సుమారు 10 మిల్లీమీటర్లు, సమయం 10 నుంచి 15 సెకన్లు, నాజిల్‌ని ఒకేచోట నిలపకుండా కదుపుతూ. ల్యాబ్‌లో ఒకసారి చేశారు కదా అంటే చాలదు, నోట్లో పెట్టి తీశాక పైపొర మారిపోయింది. పీడనం పెంచితే పట్టు పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. పెద్ద రేణువులూ, 4 బార్ల పీడనమూ పైపొరలో సూక్ష్మమైన పగుళ్లు పెడతాయి. 3 మోల్ శాతం యిట్రియా (స్ఫటిక రూపాన్ని నిలిపే ఆక్సైడ్) ఉన్న జిర్కోనియా పగులు మొదలైన చోట స్ఫటిక రూపం మార్చుకుని కొంత తట్టుకుంటుంది. ముందు పళ్లకు వాడే 5 మోల్ శాతం పారదర్శక రకానికి ఆ గుణం దాదాపు లేదు. దానికి 1 బార్ దగ్గరే ఆగాలని విడిగా రాయాలి.

తర్వాత అల్ట్రాసోనిక్ తొట్టెలో ఆల్కహాల్‌లో గానీ డిస్టిల్డ్ వాటర్‌లో గానీ 3 నుంచి 5 నిమిషాలు ఉంచి, నూనె కలవని గాలితో ఆరబెట్టాలి. కంప్రెసర్ నుంచి నూనె తుంపర వస్తే ఇంతవరకు చేసిందంతా వృథా, దీన్ని చాలామంది గమనించరు. గాలిని అద్దం మీద ఊది జిడ్డు మచ్చ పడుతుందేమో చూసుకోమని ఒక్క ముక్క కలపండి. క్లినిక్‌లో శాండ్‌బ్లాస్టర్ లేనివారికి, క్షార ద్రవంలో జిర్కోనియా రేణువులు కలిపిన శుభ్రపరిచే పేస్ట్ ఉంది. అందులోని రేణువులు ఫాస్ఫేట్‌ని తమవైపు లాక్కుంటాయి. దాన్ని 20 సెకన్లు ఉంచి బాగా కడిగితే చాలు. ఆ పైన ఎం.డి.పి. ఉన్న ప్రైమర్ (సిమెంటుకు ముందు పూసే ద్రవం), ఆపైన సిమెంటు. శుభ్రం చేశాక లోపలి వైపు గ్లవ్ వేసుకున్న వేలు కూడా తగలకూడదు.

ఇక్కడే మరో లోటు. మీ సిమెంటులోనే ఎం.డి.పి. ఉందా లేదా అన్నది కాగితంలో ఎక్కడా లేదు, "అతికే మోనోమర్" అని రాసి వదిలేశారు. ఉంటే ప్రైమర్ ఐచ్ఛికం, లేకపోతే తప్పనిసరి. ఇది వ్యాపార రహస్యం కిందికి రాదు, చికిత్సకు కావలసిన సమాచారం.

పంటి వైపు సూచనలోనూ ఒక ప్రమాదం ఉంది. "అవసరమైతే పంటిని ఎచ్ చేయండి" అన్నారు. ఎనామిల్ అంచు వరకే అయితే మంచిదే. డెంటిన్‌ని (ఎనామిల్ కింది పొరని) ఎచ్ చేస్తే కొలాజెన్ పోగుల వల బయటపడుతుంది, చిక్కటి సెల్ఫ్-అడెసివ్ సిమెంటు ఆ వలలోకి ఇంకలేదు, పట్టు పెరగకపోగా తగ్గుతుంది. యూజినాల్ (లవంగ నూనెలోని పదార్థం) ఉన్న తాత్కాలిక సిమెంటు వాడొద్దనీ, వాడి ఉంటే ప్యూమిస్ నీళ్లతో రుద్దమనీ, రూట్ కెనాల్‌లో హైపోక్లోరైట్ (క్రిములను చంపే ద్రవం) వాడిన పంట్లో పోస్ట్ (వేరులో నిలిపే కడ్డీ) అతికించేముందు చివరి కడుగు వేరే ద్రవంతో ఉండాలనీ లేదు. హైపోక్లోరైట్ వదిలే ఆక్సిజన్ రెసిన్ గట్టిపడడానికి అడ్డు తగులుతుంది.

గట్టిపడే సమయం గురించి కూడా చెప్పాలి. "20 సెకన్లు లైట్ వేసి కొరకమని చెప్పండి" అని ఉంది. ఈ లైట్ సిమెంటును గట్టిపరిచేది. 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న జిర్కోనియా గుండా ఆ లైట్‌లో కొద్ది భాగమే లోపలికి చేరుతుంది. కాబట్టి ముందు 2, 3 సెకన్లు లైట్ తాకించి, అంచున పొంగిన సిమెంటు జెల్‌లా అయ్యాక తీసేసి, తర్వాత తనంతట తాను గట్టిపడే సమయం మొత్తం పూర్తయ్యేదాకా వేలి ఒత్తిడి వదలకుండా పట్టుకోమని రాయాలి. ఆ సమయం ఎన్ని నిమిషాలో మీ సిమెంటు గురించి మీరే చెప్పాలి. ఇంప్లాంట్ మీద క్యాప్ అయితే పొంగిన సిమెంటు చిగురు కింద మిగిలిపోతే ఎముక దాకా మంట పాకుతుంది, అది ఇంకా పెద్ద తలనొప్పి.

న్యాయంగా చెప్పాలంటే మీ సిమెంటు చెడ్డది కాదు. గోడ ఎత్తు మోలార్‌లో 4, మిగతా పళ్లలో 3 మిల్లీమీటర్లకు తక్కువ ఉన్న కేసులనూ, గోడల మధ్య వాలు మొత్తం 20 డిగ్రీలు దాటిన వాటినీ ఈ ఫిర్యాదు నుంచి తీసేశాం. అవి ఊడిపోవడానికి పంటి ఆకారమే చాలు. మంచి ఎత్తు, మంచి వాలు ఉన్నప్పుడు సాధారణ సిమెంటుతో కూడా క్యాప్ నిలుస్తుంది, అందుకే మీ తప్పు ఇన్నాళ్లు బయటపడలేదు. పూర్తిగా అతుకు బలం మీదే ఆధారపడే చోట ముందుగా బయటపడుతుంది. ఒక్క పంటి వెనక రెక్క అతికించి, ఖాళీలో పన్నుని వేలాడదీసే బ్రిడ్జి బొమ్మ మీ పెట్టె మీదే ఉంది. దానికి పట్టుకోవడానికి గోడలే ఉండవు.

అన్నిటికన్నా బాధ కలిగించేది పెద్ద బ్రిడ్జిల సంగతి. మొత్తం ఊడివస్తే పేషెంట్‌కి తెలుస్తుంది, వస్తారు. మూడు పళ్ల బ్రిడ్జిలో ఒక వైపు క్యాప్ వదిలి, రెండో వైపు పట్టుకుని ఉంటే ఏమీ తెలియదు. ఆ సందులో నమిలినప్పుడల్లా ఉమ్మి పంపులా లోపలికీ బయటికీ ఆడుతుంది. అంచు దగ్గర నీళ్లు వేసి బ్రిడ్జిని పైకీ కిందికీ ఒత్తితే చిన్న బుడగలు వస్తాయి, అప్పుడుగానీ మేం కనిపెట్టలేం. అప్పటికి లోపలి పన్ను మెత్తబడి, స్పూన్ ఎక్స్‌కవేటర్‌కి తోలులా పొరలుగా వస్తుంది. రూట్ కెనాల్‌తో గట్టెక్కితే అదృష్టం, లేకపోతే పోయిన ఒక పన్నుకోసం పక్కన ఉన్న మంచి పన్నుని కూడా పోగొట్టినట్టే. మీ కాగితంలోని ఒక్క వాక్యానికి చివరకు మూల్యం చెల్లించేది పేషెంటే.

మేం కోరేది ఇది. మూడో అంచెను జిర్కోనియాకి వెంటనే తొలగించి, జిర్కోనియా, లిథియం డైసిలికేట్, ఫెల్డ్‌స్పాతిక్ పోర్సిలిన్, లోహం – వీటికి వేర్వేరు వరుసలు ఇవ్వండి. లిథియం డైసిలికేట్‌కి 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం 20 సెకన్లు, సిలేన్ 60 సెకన్లు అని స్పష్టంగా ఉండాలి. కొత్త పెట్టెల్లో కాగితం మార్చి ఊరుకోవద్దు. ఇప్పటికే కిట్ కొన్న ప్రతి దంతవైద్యునికీ, ప్రతి ల్యాబ్‌కీ సవరణ పంపండి, ఆ అంచెతో అతికించిన బ్రిడ్జిలను మళ్లీ పరీక్షించమని అందులో చెప్పండి.

మాటలతో నమ్మకం కుదరకపోతే మీ పరిశోధనశాలలోనే చూసుకోవచ్చు. ఒకే జిర్కోనియా దిమ్మ నుంచి కోసిన బిళ్లలకు ఉమ్మి అంటించి, సగం మీ మూడో అంచె ప్రకారం, సగం శాండ్‌బ్లాస్ట్ చేసి, రెండింటి మీదా ఇదే సిమెంటు అతికించండి. మర్నాడే విరిచి చూసి తీర్పు ఇవ్వకండి, నీళ్లలో ఉంచకముందు పట్టు బాగానే ఉన్నట్టు అనిపించవచ్చు. 5, 55 డిగ్రీల నీళ్ల మధ్య వేల సార్లు మార్చి మార్చి ముంచాక విరవండి. ఏ బిళ్ల శుభ్రంగా వదిలిందో కంటికే కనబడుతుంది.

క్యాప్‌లను క్రిమిరహితం చేసి, ఒక్కోదాన్నీ విడి సంచిలో, సిమెంటు లాట్ నంబరు రాసి పంపుతున్నాం. పేషెంట్ల వివరాలు తీసేశాం. లోపలి వైపు మేం ముట్టుకోలేదు, మీరూ పరీక్ష అయ్యేదాకా కడగకండి. నాణ్యతా విభాగం నుంచి సంతకంతో కూడిన జవాబు కోసం ఎదురుచూస్తాం.

ఇట్లు,
దంత పునరుద్ధరణ వైద్య బృందం

జతపరచినవి: ఊడిన క్యాప్‌లు, పంటి ఫోటోలు, ఎక్స్-రేలు, మీ సూచనల కాగితం ప్రతి