బాగా చదివే పిల్లలు, ఇంట్లో తగ్గిపోతున్న మాటలు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

మార్కులు తక్కువ వచ్చే పిల్లల గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. ఈ నెల బాగా చదివే పిల్లల గురించి రాస్తున్నాను, ముఖ్యంగా తమ ఇంట్లో అందరికంటే ముందుగా ఇంత చదువు దాకా వచ్చిన పిల్లల గురించి.

ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే రోజున తరచూ చూస్తుంటాను. టీచర్ తల్లిని ఏదో అడుగుతారు. ఆమె నోరు తెరిచేలోపే కూతురు జవాబు చెప్పేస్తుంది. "నీకు తెలీదులే అమ్మా" అంటూ సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తుంది. దాన్ని పొగరు అనుకోకండి. నలుగురిలో అమ్మ తడబడుతుందేమోనని ఆ పిల్ల భయం. కొంచెం సిగ్గూ ఉంటుంది. అలా సిగ్గుపడినందుకు తర్వాత తనే కుమిలిపోతుంది. అది మీతో చెప్పుకోలేదు.

ఫ్రాన్స్ సామాజిక శాస్త్రవేత్త పియర్ బూర్దియు (1930–2002) పల్లెటూళ్లో పెరిగిన తపాలా ఉద్యోగి కొడుకు. అంత పేరు తెచ్చుకున్నాక కూడా, పుట్టిన ఇల్లు నేర్పిన తీరూ, చదువు నేర్పిన తీరూ తనలో కలవకుండా ఉండిపోయాయని రాసుకున్నారు. కాబట్టి ఇది మీ పెంపకంలో లోపం కాదు.

అయితే ఈ దూరం చాలా ఇళ్లలో ప్రేమతోనే మొదలవుతుంది. "చదువుకుంటోంది, కదిలించకండి" అని బిడ్డకు పని చెప్పరు. అప్పు సంగతీ, జబ్బు సంగతీ తన చెవిన పడనివ్వరు. క్రమంగా ఆ బిడ్డ సొంత ఇంట్లోనే చుట్టంలా అయిపోతుంది. "ఇవాళ ఏం చెప్పారు?" అంటే "ఏం లేదు" అంటుంది, విడమరిచి చెప్పే ఓపిక లేక. "మనకేం అర్థమవుతుందిలే" అని మీరూ అడగడం మానేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

దయచేసి అడగడం మానకండి. పాఠం మీకు రావాల్సిన పనిలేదు. "నాకు అర్థమయ్యేలా చెప్పు" అనండి. అలా చెప్పగలిగితే ఆ పాఠం తనకు నిజంగా వచ్చినట్టే. పరీక్షల రోజుల్లో కూడా ఏదో ఒక ఇంటి పని తన చేత చేయించండి. ఇంటి ఇబ్బందులు వయసుకు తగినంత తెలియనివ్వండి. నలుగురి ముందు మీ మాటను దిద్దితే, క్లాస్ ఫస్టే అయినా సరే, అది తప్పని చెప్పండి.

మా వంతుగా, ఇకపై టీచర్లు మీతో నేరుగా, మీకు వచ్చిన భాషలోనే మాట్లాడతారు. మధ్యలో పిల్లలు మాట అందించాల్సిన అవసరం ఉండదు. మీరు చేసే పనిలో కొలతలు, లెక్కలు, జాగ్రత్తలు ఎలా ఉంటాయో మిమ్మల్ని అడిగి రాసుకురమ్మని హోంవర్క్ కూడా ఇస్తాం. ఆ రోజు కాస్త తీరిక చేసుకుని జవాబు చెప్పండి.

పిల్లలు లేకుండా విడిగా మాట్లాడాలనుకుంటే, బడి వదిలాక నా గదికి రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు