పౌర గ్రంథాలయంలో కలిసిన పెద్దాయనకి థ్యాంక్స్

కళ్ళు మండిపోతున్నాయి, అయినా పడుకునేలోపే ఇది రాసేయాలి. నేను రాసిన నెట్‌వర్క్ డ్రైవర్, అంటే లైనక్స్‌ని నెట్‌వర్క్‌కి కలిపే చిన్న ప్రోగ్రామ్, మొత్తానికి లోడ్ అయిందండీ! పింగ్ కొడితే, అంటే ఒక పరీక్ష ప్యాకెట్ పంపితే, టీఎక్స్ కౌంటర్ (పంపిన ప్యాకెట్ల లెక్క) కదులుతోంది. రిప్లై రాదనుకోండి, ప్యాకెట్‌ని లెక్కేసి పారేయడమే దాని పని, అయినా నాకదే పండగ.

అమ్మా నాన్నా అక్కా, మీకు వేరే చెప్పేదేముంది, థ్యాంక్స్.

అసలు చెప్పాల్సింది విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కలిసిన ఆ పెద్దాయన గురించి. పక్క కుర్చీలో పేపర్ చదువుకుంటున్నారు, నా స్క్రీన్ నిండా ఎర్రర్లు చూసి "ఏటి బాబూ, ఏ కాలం నాటి కోడిది?" అన్నారు. లైనక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) 2.6 వెర్షన్ నాటి ట్యుటోరియల్ అనగానే నవ్వేసి, కుర్చీ ఇటు లాక్కుని, జేబులోంచి కరెంటు బిల్లు తీసి దాని వెనకాల ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది రాసుకుంటూ పోయారు. ప్యాకెట్ పంపే ఫంక్షన్ హార్డ్ స్టార్ట్ ఎక్స్‌మిట్‌ని నేరుగా డివైస్‌కి తగిలించడం కాదు, 2009లో వచ్చిన నెట్ డివైస్ ఆప్స్ అనే ఫంక్షన్ల పట్టికలో పెట్టాలి. డివైస్‌కి మెమరీ కేటాయించే అలాక్ నెట్‌డెవ్‌కి 3.17 కెర్నల్ నుంచి, అంటే 2014 నుంచి, నాలుగు ఆర్గ్యుమెంట్లు. మ్యాక్ అడ్రస్ (డివైస్‌కుండే హార్డ్‌వేర్ చిరునామా) మనమే కాపీ చేసేస్తే 5.17 నుంచి కంపైలర్ ఊరుకోదు, దానికి వేరే ఫంక్షన్ ఉంది.

తర్వాత కెర్నల్ సోర్స్‌లోనే ఉన్న డమ్మీ డాట్ సీ అనే చిన్న డ్రైవర్ ఫైల్ తెరిపించారు. "ట్యుటోరియల్ రాసినోడు రాసేసి ఎల్లిపోతాడు బాబూ. ఇది అలక్కాదు, లోపల ఏపీఐ, అదే ఫంక్షన్లని పిలిచే తీరు, మార్చినోడే దాన్ని వాడే డ్రైవర్లన్నీ సరిచేసి ఇవ్వాలి, అందుకే ఇది పాతబడదు."

ఈ ఒక్క ముక్క చెప్పడానికి మా కోచింగ్ వాళ్ళకి నోరు రాలేదు. ఫీజేమో కొత్త రేటు, మెటీరియలేమో పాత కెర్నల్‌ది, కంపైల్ అవట్లేదు సార్ అంటే "కాన్సెప్ట్ ముఖ్యమమ్మా" అంటారు, మరి ఇంటర్వ్యూలో కొత్త కెర్నల్ మీద అడిగితే ఎవరు చెప్తారు?

సాయంత్రం దాకా నాతోనే కూర్చున్నారు. ఆయన టిఫిన్ బాక్స్ మూత కూడా తీయలేదని బస్సెక్కాక గుర్తొచ్చింది, మద్దిలపాలెం దాకా ఏడుస్తూనే ఉన్నాను. పేరడిగితే "పేరెందుకులే" అన్నారు. సార్, ఇది మీకు చేరితే ఒక్కసారి కనపడండి. కరెంటు బిల్లు నా దగ్గరే ఉండిపోయింది, కట్టేశారా అసలు?

అయ్యో, ప్లగ్ పాయింట్ ఉన్న సీటు నాకోసం ఆపిన వాచ్‌మన్ గారికి కూడా థ్యాంక్స్. ర్యామ్ అప్పిచ్చిన రూమ్మేట్‌కి కూడా, ఆదివారం ఇచ్చేస్తా రా.