గోడ ఒకచోట, కోత మరొకచోట

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలోని రామకృష్ణా బీచ్‌ను సముద్రం కోసిన ప్రతిసారీ బండరాళ్లు పోయాలనో, గోడ కట్టాలనో సూచనలు వస్తాయి. వాటిలో రోడ్డు గురించి, పర్యాటకుల గురించి చాలా మాటలు ఉంటాయి గాని, ఆ గోడకు ఉత్తరాన ఉన్నవారి సంగతేమిటన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది.

మన తీరంలో అలలు, ముఖ్యంగా నైరుతి రుతుపవనాల కాలంలో, ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తీసుకుపోతాయి. 1970వ దశకంలో బీచ్‌కు దక్షిణాన, ఓడరేవు ఔటర్ హార్బర్ కోసం కట్టిన రాళ్ల గట్లు ఆ ఇసుకను ఆపుతున్నందువల్లే, అక్కడ చిక్కుకున్నదాన్ని డ్రెడ్జర్లతో తవ్వి బీచ్‌కు చేర్చవలసి వస్తోంది. ఇప్పుడు గోడ కడితే వెనకనున్న రోడ్డు నిలవవచ్చు. కాని ముందున్న ఇసుక తరిగిపోతుంది, గోడ ముగిసిన చోట కోత పెరుగుతుంది. అటువైపు ఉన్నవి పెదజాలరిపేట వంటి మత్స్యకారుల వాడలు. పడవ లాగడానికి, వల ఆరబెట్టడానికి, చేప ఎండబెట్టడానికి వారికి ఇసుక ఒడ్డే ఆధారం. చేపల సంతతి పెరగడానికి ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మోటారు పడవలను ఒడ్డున నిలిపివేసేది కూడా వారే.

సముద్రమట్టం పెరగడానికి కారణమైన బొగ్గు, చమురు వినియోగంలో వారి వంతు ఎంత? 1992 నాటి వాతావరణ ఒప్పందంలో, బాధ్యత అందరిదీ అయినా ఎవరి వంతు వారి స్థాయిని బట్టి ఉండాలన్న సూత్రం ఉంది. సంపన్న దేశాల ముందు మన దేశం ఈ సూత్రాన్నే గట్టిగా వాదిస్తోంది, ఆ వాదన న్యాయమైనదే. అదే న్యాయం ఒక నగరంలోని రెండు వాడల మధ్య వర్తించదనడం నాకు అంగీకారం కాదు. వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కును 2024లో సుప్రీంకోర్టు గుర్తించినప్పుడు, జీవించే హక్కుతో పాటు సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణాన్ని కూడా ఆధారం చేసుకుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన వాడిగా, రోడ్డుకు రక్షణ అక్కర్లేదని నేను అనను; రోజూ ఉదయం నడిచేది నేనూ ఆ రోడ్డు మీదే. అయితే ఒక్క రాయి వేయడానికి ముందే ఉత్తరాన ఇసుక ఎంత తగ్గుతుందో అధ్యయనం చేసి, ఆ నివేదికను తెలుగులో ఆయా వాడల్లో, చేపలమ్మే మహిళలు కూడా ఉన్న సభలో చదివి వినిపించి, వారి సమ్మతి తీసుకోవాలి. గోడ తప్పదనుకుంటే, ఏటా ఆ ఒడ్డులకు ఇసుక చేర్చే ఖర్చును గోడ అంచనాలోనే చేర్చాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం