ఒకే ఇంటికి మూడు దరఖాస్తులా?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. చిత్తూరు–తిరుపతి రూట్లో చాలా ఏళ్ళు తిరిగాను. కొండకు పోయేవాళ్ళు ఎంతమందో ఆసుపత్రికి పోయేవాళ్ళూ అంతమంది ఉన్నట్టే అనిపించేది ఆ బస్సులో. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ ఫిల్ములు, రేషన్ కార్డు, ఒక నీళ్ళ బాటిలు కనిపిస్తే వాళ్ళు తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో పోతున్నారని అడక్కుండానే తెలిసేది. పేద కుటుంబాలకు సాయం చేసే ట్రస్టులకు ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పూతలపట్టులో ఒక తండ్రీ కూతురూ వారానికి మూడు రోజులు ఎక్కేవాళ్ళు. ఆయన బేల్దారి మేస్త్రీ, రెండు కిడ్నీలూ చెడిపోయాయి. డయాలసిస్ అంటే ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ దగ్గర పడుకోవాలి, పోయేదీ వచ్చేదీ కలిపితే ఆ రోజు మొత్తం దానికే. అయ్యాక కళ్ళు తిరుగుతాయి, ఒక్కణ్ణే పంపలేరు. భార్య కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. అందుకని ఇంటర్ సెకండియర్ చదివే కూతురు తోడొచ్చేది. మొదట్లో ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుకుంటా ఉండేది, దసరా సెలవులయ్యాక పుస్తకం కనపడలేదు. అడిగితే కాలేజీ మానేశానంది. ఆ రోజు నాకు టికెట్లు కొట్టడానికి చేతులు రాలేదు.

సాయం చేసేవాళ్ళు లేక ఇట్లా జరిగిందా అంటే అదీ కాదు. డయాలసిస్‌కు పైసా తీసుకోలేదు, ప్రభుత్వ పథకం కిందే చేశారు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఉంది, కాకపోతే ఈయనకు మంజూరయ్యే లోపల నెలలు గడిచాయి, ఆ నెలల్లోనే ఇంట్లో ఉన్న మేకలు అమ్మేశారు. ఒక ట్రస్టు మందులకని ఒకసారి డబ్బిచ్చింది. ఇంకో ట్రస్టు ఆడపిల్లల చదువుకు స్కాలర్‌షిప్ ఇస్తుందని తెలిసి నేనే పోయి అడిగాను, జులైతోనే గడువు అయిపోయిందన్నారు. మూడో చోట నెలనెలా బియ్యం, సరుకులు ఇస్తారు. వాళ్ళేమో "మీది చిత్తూరు జిల్లా, మేము తిరుపతి జిల్లా వాళ్ళకే ఇస్తాం" అన్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయేదాకా పూతలపట్టూ తిరుపతీ ఒకే జిల్లా కదండీ. ఆయన వైద్యానికి ఇప్పటికీ తిరుపతికే పోతున్నాడు.

పోయిన ప్రతిచోటా మళ్ళీ ఆదాయ సర్టిఫికెట్, రేషన్ కార్డు జిరాక్స్, ఆధార్ జిరాక్స్, ఫోటోలు. సచివాలయంలో అప్లై చేసి, అది తహసీల్దారు ఆఫీసు దాకా పోయి చేతికొచ్చేసరికి ఆ తల్లికి ఎన్ని కూలి రోజులు పోతాయో ఎవరైనా లెక్క చూశారా? తాము పేదవాళ్ళమని మూడు చోట్ల మూడుసార్లు రుజువు చేసుకోవాలా?

ట్రస్టులు వైద్యం, చదువు, సంక్షేమం అని విడివిడిగా పెట్టుకున్నాయి. దాతలకు అది సుళువే. మన టీటీడీలోనూ వైద్యానికి ప్రాణదానం, చదువుకు విద్యాదానం అని వేరువేరు ట్రస్టులున్నాయి, ఇచ్చేవాళ్ళు తమకు నచ్చినదానికి ఇస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ తీసుకునే ఇంట్లో కష్టాలు అట్లా విడివిడిగా రావు. తండ్రికి జబ్బు చేస్తే కూతురి చదువు ఆగుతుంది, చదువు ఆగితే సంబంధాలు చూడటం మొదలుపెడతారు, పెళ్ళికి అప్పు చేస్తారు. ఇదంతా ఒకే ఇంట్లో, ఒకే సంవత్సరంలో. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో బంతిలో కూర్చున్న మనిషిని ఎవరూ ఏ జిల్లా అని అడగరు, సర్టిఫికెట్ చూపించమనరు. అన్నిట్లోనూ అట్లా కుదరదని నాకూ తెలుసు, డబ్బు ఇచ్చేటప్పుడు విచారించాల్సిందే. ఆ విచారణ ఒక్కసారి చేస్తే చాలదా?

ఒక ట్రస్టు మనిషి ఆ ఇంటికి పోయి అరగంట కూర్చుంటే వైద్యం, చదువు, బియ్యం మూడింటికీ సరిపడా విషయం తెలిసిపోతుంది. ఆ వివరాలు, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటే, మిగతా ట్రస్టులకు ఇవ్వొచ్చు. చదువుకు ఇచ్చే సాయానికి గడువు పెట్టుకోండి, కాదనను, కానీ ఇంట్లో పెద్ద జబ్బు వచ్చిన పిల్లలకు మాత్రం ఏ నెలలో వచ్చినా తీసుకునేట్టు ఒక దారి ఉంచండి. జబ్బులు జూన్‌లోనే రావు. ఇంకోటి, ఆసుపత్రికి తోడొచ్చే మనిషి ఖర్చును కూడా వైద్యం ఖర్చులో కలపండి. స్టేజీ మీద పెద్ద చెక్కు ఇచ్చి ఫోటో తీసుకునేదానికన్నా ఏడాది పొడుగునా నెలకు రెండు వేలు పంపితే ఆ ఇల్లు నిలబడుతుందని గట్టిగా చెప్తాను. దీనికి డబ్బు లేదనడానికీ లేదు. నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్తోంది. సత్యవేడు దగ్గర శ్రీసిటీలోనే ఎన్నో ఫ్యాక్టరీలు ఉన్నాయి.

చిన్న సాయం ఎంత పనిచేస్తుందో మొన్న బస్సులోనే చూశాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది, ఆ అమ్మాయికి టికెట్ డబ్బులు లేవు, తండ్రికి ఒక్కడికే కడుతున్నారు. మిగిలిన డబ్బు ఏం చేస్తున్నారమ్మా అని అడిగాను. "నాన్నకు గుడ్డు పెట్టమని డాక్టరు చెప్పినాడు కదా తాతా, ఇప్పుడు రోజూ కొంటాండాం" అంది.

ఆ అమ్మాయి పరీక్ష ఫీజు కట్టి మళ్ళీ రాస్తానంటోంది. డయాలసిస్ రోజుల్లో తండ్రికి తోడుగా పోయేదానికి ఎవరైనా ఒక మనిషి దొరికితే చాలు, కాలేజీకి పోగలదు. ట్రస్టులు నడిపేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే నా అడ్రసు మీ పత్రిక ఆఫీసులో ఇచ్చి ఉన్నాను. ఆ ఇంటికి నేనే వెంటబెట్టుకుని పోతాను.

ఇట్లు,
రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్, చిత్తూరు